రెయిన్‌డీర్ గుర్తుకే మీ ఓటు

ఒక దేశంలో లేని ఎన్నికల గుర్తును పుట్టించి, దానికి ఒక జంతువును కేటాయించి, ఏ పాపం ఎరుగని ఒక పెద్దావిడ ఎన్నికల నిబంధనలు మీరిందని నేరం కూడా మోపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నా ఫోటో పంపుతాను. ఇంత ఘనకార్యాన్నీ నేను కుర్చీలోంచి లేవకుండా, ఖతార్‌లో కూర్చుని, ఎక్కడో ఉన్న నార్వే వాళ్ళ మీద చేశాను.

తొంభైల నాటి మాట. దోహాలో ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. అంతకుముందు తెనాలిలో విలేకరిగా బోలెడు ఎన్నికలు చూసినవాణ్ణి కనక, ఎన్నికల గురించి నాకు తెలియనిది భూమ్మీద లేదని గట్టి నమ్మకం. అల్ మన్సూరా అనే పేటలో ఒక గదిలో ఉండేవాణ్ణి. నా భార్య వసంతకు ఫ్యామిలీ వీసా అప్పుడే వచ్చింది. పెళ్ళయ్యాక రెండేళ్ళు ఆవిడ తెనాలిలో, నేను దోహాలో. ఇంకో పదిహేను రోజుల్లో విమానం ఎక్కుతుంది. ఆ పదిహేను రోజులూ ఉద్యోగం ఊడకుండా చూసుకోవాలి, అంతే. అంతకంటే సులువైన పని ఉంటుందా చెప్పండి?

సరిగ్గా అప్పుడే వార్తాసంస్థ నుంచి ఆరు లైన్ల వార్తా, ఒక ఫోటో వచ్చాయి. నార్వే ఉత్తరపు కొసన సామీలనే జాతి ఉంది. రెయిన్‌డీర్లను, అంటే పెద్ద పెద్ద కొమ్ముల జింకలను, మేపడం వాళ్ళలో కొందరికి తరతరాల వృత్తి. తమ భాష గురించీ భూమి గురించీ మాట్లాడుకోవడానికి వాళ్ళకంటూ ఒక పార్లమెంటు ఉంది. దానికి ఎన్నికలు. ఫోటోలో కుట్టుపని అంచుల గౌనులో ఒక పెద్దావిడ, ఆవిడ వెనక ఒక రెయిన్‌డీర్, ఆ వెనక పోలింగ్ కేంద్రం. కింద ఉండాల్సిన వివరం తెగిపోయి వచ్చింది. మళ్ళీ పంపమని అడిగితే అరగంట. పేజీ పంపడానికి ఉన్నది పావుగంట.

నేను ఫోటోను నిదానంగా చూశాను. ఎన్నిక ఉంది. జంతువు ఉంది. ఇంకేం కావాలి? మా తెనాలి పక్కన ఒకాయన కోడిపుంజు గుర్తు మీద నిలబడి, పుంజును చంకన పెట్టుకుని బూత్ దగ్గరికొస్తే, అవతలి ఏజెంటు వంద మీటర్ల గీత చూపించి నానా యాగీ చేశాడు. ఆ వార్త రాసింది నేనే! అనుభవం ఊరికే పోతుందా? చకచకా రాసిపారేశాను: ‘తమ పార్టీ గుర్తయిన రెయిన్‌డీర్‌తో పోలింగ్ కేంద్రం దగ్గర మహిళా అభ్యర్థి. గుర్తును ఇలా ప్రదర్శించడం నిబంధనలకు విరుద్ధమని ప్రత్యర్థుల ఫిర్యాదు.’

ప్రత్యర్థులు ఎక్కణ్ణుంచి వచ్చారంటారా? అభ్యర్థి ఉన్నాక ప్రత్యర్థి ఉండడా? ఉన్నాక ఫిర్యాదు చెయ్యడా?

పేజీలు అతికించే గౌస్ భాయ్‌ది నిజామాబాద్. ఫోటోను చేతిలోకి తీసుకుని అడిగాడు.

“మూర్తి భాయ్, గీ జింక ఏంది?”

“ఎలక్షన్ గుర్తు.”

“నీకెవరు జెప్పిన్రు?”

“ఎవరో చెప్పాలా? ఎలక్షనన్నాక గుర్తుండదా?”

గౌస్ భాయ్ ఒక్క క్షణం ఆలోచించాడు. “అవ్ గదా,” అని జిగురు రాశాడు.

ఇక మిగిలింది మా న్యూస్ ఎడిటర్ వర్గీస్ గారు. కేరళ మనిషి, కామా తప్పు పడితే భోజనం మానేసే రకం. ఆయన ఫోటో చూసి, “ఏ పార్టీ?” అన్నారు.

“వార్తలో పేరు లేదు సార్.”

“అయితే పేరు వద్దు. గుర్తు చాలు,” అని సంతకం పెట్టేశారు.

అదీ సంగతి. తెనాలి, నిజామాబాద్, కేరళ, ముగ్గురం కలిసి ఆ తప్పును చేతులమీదుగా ఊరేగించి అచ్చుకు పంపాం. ఒక్క నార్వే వాడు ఆ గదిలో ఉన్నా మేం బతికిపోయేవాళ్ళం.

మర్నాడు పొద్దున వర్గీస్ గారు నన్ను పిలిచారు.

“దుఖాన్ ఊరి నుంచి ఫోన్. అక్కడ ఆయిల్ కంపెనీలో ఇంజనీరట, పేరు మిక్కెల్. సామీ మనిషి. ఆ ఫోటోలో ఆవిడ ఆయనకు స్వయానా పిన్ని.”

“సార్...”

“ఎల్లుండి పదింటికి వస్తాడు. ఆ వాక్యాలు రాసినవాణ్ణి చూడాలన్నాడు. మూర్తీ, ఆయన ఎంబసీకి వెళ్తే ఎంబసీ మన యజమానికి ఫోన్ చేస్తుంది. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు.”

గల్ఫ్‌లో ఉద్యోగం పోతే వీసా పోతుంది. నా వీసా పోతే వసంత వీసా దానంతటదే పోతుంది. మధ్యాహ్నం తెనాలిలో మా పక్కింటివాళ్ళ ఫోన్‌కి చేశాను.

“ఏమండీ, కుక్కర్ తెమ్మంటారా, అక్కడ కొందామా?” వసంత గొంతులో పండగ వినిపిస్తోంది.

“రెండ్రోజులు ఆగి చెప్తాను.”

“కుక్కర్ గురించి చెప్పడానికి రెండ్రోజులెందుకండీ?”

ఏం చెప్పను? జింక సంగతి తేలాక చెప్తాననా? లైను సరిగ్గా లేదని అబద్ధమాడి పెట్టేశాను. ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. వసంతను తలుచుకుంటే ఏడుపొచ్చేది.

మిక్కెల్ పదింటికి వచ్చాడు. తలుపులోంచి వంగి లోపలికొచ్చాడు, అంత పొడుగు. చంకలో మా పత్రిక. వర్గీస్ గారు లేచి నిలబడ్డారు. గౌస్ భాయ్ ఏదో వెతుకుతున్నట్టు గోడవైపు తిరిగాడు. నేను మాత్రం ఎటూ తిరగలేకపోయాను.

“మా పిన్ని అభ్యర్థి అని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ.”

“రెయిన్‌డీర్ పార్టీ గుర్తని?”

“అదీ ఎవరూ చెప్పలేదండీ. మా దేశంలో ప్రతి పార్టీకీ ఒక గుర్తుంటుంది. చదువు రానివాళ్ళు బొమ్మ చూసి ఓటేస్తారు.”

“మా దగ్గర పేర్లే ఉంటాయి, గుర్తులుండవు. మా పిన్ని ఓటెయ్యడానికి వెళ్ళింది. అది ఆవిడ పాలు పట్టి పెంచిన జంతువు. ఆవిడ ఎక్కడికెళ్తే అక్కడికి వెనకాలే పోతుంది.”

“మరి ఫిర్యాదు?” అన్నారు వర్గీస్ గారు నా వైపు చూస్తూ.

మిక్కెల్ పత్రిక విప్పి బల్లమీద పరిచాడు. నాలుగు కాలమ్‌ల ఫోటో. “మా ఎన్నికలంటే మా రాజధాని పత్రికలు లోపలి పేజీలో రెండు ముక్కలు రాస్తాయి. మీరు ఎడారిలో కూర్చుని ఇంత పెద్దగా వేశారు. పేజీని మా ఊరికి ఫ్యాక్స్ చేశాను. పంచాయతీ గోడకు అంటించారట. నాకు ఇరవై కాపీలు కావాలి.”

ఆ మాటతో నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక వసంతను కుక్కర్ తెమ్మనొచ్చు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియలేదు, కళ్ళు మాత్రం తుడుచుకున్నాను. గౌస్ భాయ్ గోడ వదిలేసి కాపీల కోసం పరిగెత్తాడు.

“ఇంకొకటి,” అన్నాడు మిక్కెల్. మళ్ళీ అందరం బిగుసుకుపోయాం. “ఆ ఫోటో కింద మీరు రాసింది చదివి ఊరంతా పిన్నితో నువ్వు నిలబడాల్సిందే అంటున్నారట. పిన్ని సరేనంది. వచ్చేసారి పోటీ చేస్తుందట. కానీ ఆ రెయిన్‌డీర్ గుర్తు తనకే రావాలట. దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలో కనుక్కోమంది.”

వర్గీస్ గారు వేలెత్తి నన్ను చూపించారు.

కనుక మహాజనులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఇంకెప్పుడూ ఏ దేశంలోనూ, ఏ అభ్యర్థికీ, ఏ జంతువునూ ఎన్నికల గుర్తుగా కేటాయించను. ఇప్పటికే కేటాయించిన ఆ ఒక్కదాన్ని మాత్రం వెనక్కి తీసుకోను. ఆవిడ నమ్ముకుని ఉంది.