మందు డబ్బాలో మజ్జిగ

పాలిటెక్నిక్ ముగించి జగ్గయ్యపేట తిరిగొచ్చిన ఏడాది నాకు కుదురుండేది కాదు. పత్తి చేలు పెరిగి, ఎటు చూసినా ఖాళీ పురుగుమందు డబ్బాలే. పారేసేవాళ్లు లేరు. బూడిద, చింతపండు పెట్టి తోమి, కిరసనాయిలుకు, విత్తనాలకు, చివరికి మంచినీళ్లకు కూడా వాడేవారు. మా మేనత్త అలాంటి డబ్బాలో నీళ్లు తాగి ఆస్పత్రి పాలైంది. బతికొచ్చిన మర్నాడే మళ్లీ డబ్బాలు తోముతూ కనిపించింది.

"రేకు ఎంత గట్టిగా ఉందో చూడరా. పారెయ్యటానికి చేతులెలా వస్తాయి?" అంది.

చెబితే వినరు, చట్టం కావాలి అనుకున్నాను. అర్జీ రాశాను. ఒకటి, మందు అమ్మేటప్పుడే డబ్బా మీద కొంత సొమ్ము జమ కట్టించుకోవాలి. రెండు, ఖాళీది తెచ్చిస్తే ఆ సొమ్ము తిరిగివ్వాలి. మూడు, ఆ రేకును కంపెనీయే కరిగించి వాడాలి. మా ఎమ్మెల్యే గారు నందిగామ బంగళాలో దిగారని తెలిసి, అత్తయ్య తోమిపెట్టిన రెండు డబ్బాలు నమూనాకు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

వరండా నిండా జనం. కూర్చోలేక, సంచి గోడవార పెట్టి, గేటుకీ మెట్లకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఎంతసేపటికో పిలిచారు. లోపల ఎమ్మెల్యే గారు మజ్జిగ గ్లాసు ఎత్తుతున్నారు. వంటాయన చేతిలో, మజ్జిగతో, నా డబ్బా.

"తాగకండి!"

"ఏమయ్యా, విషం గానీ కలిపావా?" అని నవ్వారాయన.

"నేను కాదండి. అది పురుగుమందు డబ్బా అండి."

వంటాయన నొచ్చుకున్నాడు. "గిన్నెలు చాలక, గోడవార సంచిలోంచి తీశా బాబూ. తళతళలాడతా ఉంది. అయినా మళ్లీ తోమాగా!"

నేను అర్జీ సంగతి గబగబా చెప్పేశాను.

"మా ఇంట్లోనూ ఉన్నాయిలేవయ్యా ఇవి," అన్నారు ఎమ్మెల్యే గారు. "చట్టమని ఆడవాళ్ల చేతిలో డబ్బా లాక్కుంటే నాకు ఓట్లెవరేస్తారు?"

"అయితే ఆ మజ్జిగ తాగండి."

ఆయన గ్లాసులోకి చూశారు. బల్ల మీద పెట్టేశారు.

"ఆ కాగితం ఇటివ్వు. సభలో ఓ మాట అడుగుతా. చట్టం సంగతి మాత్రం నన్నడక్కు."

బయట వంటాయన మజ్జిగ పారబోసి, డబ్బా కడిగి, దాన్ని వదల్లేక నిలబడ్డాడు. "బాబూ, దీన్ని ఇక్కడే ఉంచి వెళ్లకూడదూ?"

లాక్కున్నట్టే తీసుకున్నాను. తిరుగు బస్సులో, ఎక్కడ పారెయ్యాలో తెలియని ఆ రెండు డబ్బాలూ దారి పొడవునా నా ఒళ్లో గలగలలాడుతూనే ఉన్నాయి.