రెండు జడల పాప ఎవరు?

డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం మండపేటలో మా ఇంట్లో కంప్యూటర్‌లో కార్డుల ఆట తయారుచేశాను. ఒకే ఫోటో ఉన్న రెండు కార్డులు తెరిస్తే గెలిచినట్టు. ఫోటోలన్నీ పాత ఆల్బంలోవి. మర్నాడే కాలేజీలో చూపించాలి.

అమ్మ రెండు కార్డులు తెరిచింది. రెండింటిలోనూ రెండు జడల పాపే. ఆట మాత్రం తప్పంది.

“రెండూ నేనే కదే, తప్పంటుందేంటి?” అంది అమ్మ.

మధ్యాహ్నమంతా వెతికినా ప్రోగ్రాంలో లోపం దొరకలేదు. చివరికి అవి వేర్వేరు ఫోటోలని గమనించాను. అమ్మా, తునిలో ఉండే పిన్నీ కవలలు. ఫోన్‌లో పంపితే పిన్ని కూడా, “రెండూ నా ఫోటోలేనమ్మా” అంది.

అయోమయంగా అమ్మమ్మనడిగాను. చాలాసేపు చూసి, “నాకప్పుడూ తెలిసేది కాదమ్మా. ఒక్కదానికే రెండుసార్లు అన్నం పెట్టేసేదాన్ని” అంది.

ఎవరు ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ రెండు కార్డులు కలిసినా గెలిచినట్టేనని ప్రోగ్రాం మార్చేశాను.