వందో పిన్ను

పోయిన ఏడాది వానాకాలం. ఒడిశా బరంపురంలోని లంజిపల్లిలో మా అద్దె ఇంటి ముందుగదే నా పనిగది. హోమ్ సైన్స్‌లో డిగ్రీ చేశాను. పాప పుట్టాక బయట ఉద్యోగం కుదరక, పాత చీరలతో క్విల్ట్‌లు కుట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. క్విల్ట్ అంటే మన బొంతే. పైన చీర గుడ్డ, మధ్యలో పల్చటి దూది పొర, కింద అస్తరు. మిషన్ మీదికి వెళ్లేముందు ఈ మూడూ జారకుండా తాత్కాలికంగా పట్టి ఉంచాలి. దాన్నే బేస్టింగ్ అంటారు.

మా అత్తయ్య పద్ధతిలో బొంతను నేల మీద పరిచి, మోకాళ్ల మీద పాకుతూ దారంతో పెద్ద పెద్ద కుట్లు వేయాలి. ఒక పూట పడుతుంది, నడుము పట్టేస్తుంది. అంటించే స్ప్రే దొరుకుతుంది గానీ, పసిపిల్ల పాకే గదిలో ఆ వాసన నాకు భయం. అందుకని సేఫ్టీ పిన్నులకు మారాను. జానెడుకొకటి గుచ్చుకుంటూ పోతే గంటలో అయిపోతుంది. మా ఊరి తేమకు ఇనప పిన్నులు తుప్పు పట్టి మరకలు చేస్తాయని ఇత్తడివి కొన్నాను.

పొలసర నుంచి లక్ష్మమ్మగారు నాలుగు చీరలు తెచ్చి ఇచ్చారు. చనిపోయిన వాళ్లమ్మవి. మనవరాలి బారసాలకు బొంత కావాలి, పిల్లను దాని మీదే పడుకోబెట్టి పేరు పెట్టాలి. దానికోసం వంద పిన్నుల ప్యాకెట్టు కొత్తది విప్పి, అన్నీ వాడాను. కుడుతూ ఒక్కొక్కటే తీసి రేకు డబ్బాలో వేశాను.

బారసాల ముందురోజు మధ్యాహ్నానికి బొంత పూర్తయింది. మడతపెడుతుంటే వెనక గలగలమని శబ్దం. పదకొండు నెలల మా మిన్ను డబ్బా బోర్లించి, పిన్నుల మధ్య కూర్చుని ఏదో నములుతోంది. నోట్లో వేలు పెట్టి తీస్తే దారం ముక్క వచ్చింది. పిన్నులు ఏరి లెక్కపెట్టాను. తొంభై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. తొంభై తొమ్మిదే.

అత్తయ్యా నేనూ చాప దులిపాం. మిషన్ జరిపాం. ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ పీకి బొంతంతా రుద్దాను. ఏమీ అంటుకోలేదు. పిన్ను బొంతలో లేదని నిర్ధారించుకుని మిన్నువైపు చూశాను. దాన్ని చంకనెత్తుకున్నాను.

అత్తయ్య ఆ బొమ్మను నా చేతిలోంచి తీసుకుని డబ్బాలో పెట్టింది. ఒక్క పిన్నూ లేవలేదు.

“ఇత్తడి కదే అమ్మాయ్. ఇదేటి పట్టుద్ది? బొంతలో ఉందో లేదో మనకేటీ తెల్దు.”

అప్పుడే లక్ష్మమ్మగారు మెట్లెక్కి వచ్చారు.

“ఏటమ్మా, అయిపోనాదా? బస్సుకి టైమవుతాది.”

బొంత ఎదురుగానే ఉంది, చక్కగా మడతలో. ఇచ్చేసి పిల్లతో ఆస్పత్రికి పరుగెత్తవచ్చు. ఆమెకు తెలిసే దారే లేదు.

“ఒక పిన్ను కనబడటం లేదండీ. ఇందులో ఉండొచ్చు, మా పాప మింగైనా ఉండొచ్చు. బొంత ఇప్పుడు ఇవ్వలేను.”

ఆమె ముఖం మారిపోయింది. “రేపు బారసాల. మాయమ్మ సీరలు నీ సేతిలో పెట్టింది ఇందుకేనా? పిన్నులెట్టి బొంత కుట్టడం ఎక్కడైనా సూసేమా?”

“నాను సెప్పేను, ఇన్నాదా?” అంది అత్తయ్య. “దారమైతే మింగినా బయటికొచ్చీది.”

లక్ష్మమ్మగారు నా చంకలో ఉన్న మిన్నును చూశారు. తరవాత బొంత తీసుకుని భుజాన వేసుకున్నారు. “ఎల్దాం పద. ముందు పిల్లని సూపించు.”

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రేకు రాశారు. ఎక్స్‌రే తీసి టెక్నీషియన్ లోపలికి వెళ్లి వచ్చేదాకా లక్ష్మమ్మగారు నా మోచెయ్యి వదల్లేదు. అతను బయటికి వచ్చి, కడుపులో, గొంతులో ఏమీ లేదన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. మరుక్షణమే ఆమె భుజం మీద బొంత కనబడింది. నా బిడ్డ కడుపులో లేని పిన్ను, ఇంకో బిడ్డ పక్కలో ఉండొచ్చు. ఆ ఒక్క క్షణం నేను ఆ సంగతే మరిచిపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

లక్ష్మమ్మగారు మాత్రం మరిచిపోలేదు. “బాబూ, దీనికీ ఒకటి తియ్యి.”

టెక్నీషియన్ ఒడియా యాసలో అడిగాడు. “దీనికేం జబ్బు?”

“కడుపులో పిన్నుంది.”

అతను నవ్వాడు గానీ, సంగతంతా విన్నాక నవ్వలేదు. అప్పుడు వేరే రోగులెవరూ లేరు. బొంతను నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పరిచాడు. తెర మీద అంతా బూడిదరంగు. ఒక మూలలో మాత్రం సన్నటి తెల్ల గీత.

ఇంటికొచ్చి ఆ మూల విప్పాను. అంచుపట్టీ మడిచి కుట్టేటప్పుడు అక్కడి పిన్ను తీయకుండా వదిలేశాను, అది పట్టీ లోపలే ఉండిపోయింది. పిన్ను తెరుచుకుని, మొన పై గుడ్డ వైపు తిరిగి ఉంది. లక్ష్మమ్మగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

విప్పినచోట కుట్టడానికి చీర రంగు దారం ఎక్కించబోతే ఆపారు.

“ఎర్రదారమే ఎయ్. ఏ మూల్నించి తీసేమో నాకు తెలాల.”

ఆఖరి బస్సుకు వెళ్లిపోయారు. దారి పొడవునా ఆ ఎర్రదారం మూలను చేత్తో తడుముకుంటూనే వెళ్లి ఉంటారు.

ఇప్పుడు నేను మళ్లీ దారంతోనే బేస్టింగ్ చేస్తున్నాను, కానీ నేల మీద కాదు. బొంతను భోజనాల బల్ల మీద పరిచి, అంచులను కాగితాలకు పెట్టే పెద్ద క్లిప్పులతో బల్లకు బిగిస్తాను. నిలబడి, పొడుగు సూదితో, నడిమధ్య నుంచి అంచులకు వెళ్తూ ఎర్రదారం వేస్తాను. ముడి ఒక చివరే వేస్తాను, ఆ ముడి కత్తిరిస్తే దారం మొత్తం ఒక్క లాగుతో వచ్చేస్తుంది. నడుము నొప్పి లేదు, పట్టే సమయం కూడా పిన్నులకంటే పెద్దగా ఎక్కువ కాదు.

తీసేది దారమే అయినా, ఇచ్చేముందు బొంత మీద చెంప ఆనించి నాలుగు మూలలూ చూస్తాను. ఆ తరవాతే మడతపెడతాను.