తల ఊడిన రొయ్య

నిన్న పొద్దున ఏలూరు చేపల మార్కెట్లో రొయ్యలు కొని, వలిపించుకుందామని పక్కన నిలబడ్డాను. వలిచే ఆవిడ నాతో కబుర్లు చెబుతూ, చేతులకేసి చూడకుండానే, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి తలలు తీసి పారేస్తుంటే నాకు కూర మీద కోరికే చచ్చిపోయింది. మా జువాలజీ ప్రాక్టికల్ పరీక్ష గుర్తొచ్చింది. మీలో ఆ రోజుల్లో బి.యస్సీ. చదివినవాళ్ళుంటే ఆ మైనపు ట్రేలూ, తలస్నానం చేసినా జడని వదలని ఆ ఫార్మలిన్ కంపూ మరిచిపోయి ఉండరు.

నా పక్కన కూర్చునే స్నేహితురాలిది కైకలూరు. తెల్లవారకముందే వాళ్ళమ్మతో కలిసి రొయ్యల షెడ్డులో తలలు తీసి, ఆ తర్వాత బస్సెక్కి ఏలూరు కాలేజీకి వచ్చేది. ఒక్క పరీక్ష తప్పినా చదువు మాన్పించి రోజంతా షెడ్డులోనే కూర్చోబెడతానని వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు. అందుకని వెన్నెముక లేని జీవాలన్నిటినీ, జలగ దగ్గర్నుంచి నత్త దాకా, నాకన్నా బాగా చదివింది. రొయ్యకి మెదడు కొమ్ము కింద కళ్ళ మధ్య ఉంటుందనీ, అక్కణ్ణించి రెండు సన్నని నరాలు గొంతుకి చెరో పక్కా దిగి, పొట్ట అడుగున కలిసి తోక దాకా పోతాయనీ కళ్ళు మూసుకుని నాకు అప్పజెప్పేది.

పరీక్షలో ఆ నరాలే వచ్చాయి. మనిషికో తాజా రొయ్య ఇచ్చారు. పాపం, రొయ్యని చేతిలోకి తీసుకుందో లేదో, దాని వేళ్ళు రోజూ చేసే పనే చేశాయి. తల ఊడి వచ్చేసింది, చూపించాల్సిన నరాలు తెగిపోయాయి. బిక్కచచ్చిపోయి, ఆ తలని మళ్ళీ ఒంటికి ఆనించి గుండుసూదులతో నిలబెట్టబోయింది. అది కుదరక, ఇంకొకటి ఇప్పించమని అడిగింది. బకెట్లో ఇంకా చాలా ఉన్నాయి. బయటి ఊరినుంచి వచ్చిన ఎగ్జామినరు గారు, ఎంతో మెత్తగా మాట్లాడే మనిషి, ఆ ట్రేని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నారు.

"తల బాగానే తీశారండీ. మరి ఉప్పూ కారం తెచ్చుకున్నారా?"

మా సారు పడీ పడీ నవ్వారు. ఆయన నవ్వారని క్లాసంతా నవ్వింది. రెండో రొయ్య మాత్రం ఇవ్వలేదు. మిగిలినవన్నీ సాయంత్రం మా సారింటికే వెళ్ళాయి, పులుసు బ్రహ్మాండంగా కుదిరిందని మర్నాడు ఆయనే చెప్పారు.

ఆ పిల్ల పరీక్ష తప్పింది. వాళ్ళ నాన్న అన్నంత పనీ చేశాడు. తర్వాత ఒకసారి కైకలూరు బస్టాండులో కనబడింది. ఐసులో నాని వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఇప్పుడేం చదువుతున్నావని అడిగి, నా బస్సు వచ్చేదాకా నేను చెప్పిందంతా శ్రద్ధగా వింది.

ఇప్పుడు మా మనవరాలి కాలేజీలో కోతలే లేవు. కంప్యూటరులో బొమ్మ రొయ్యని కోస్తారట. మొన్న నాకు చూపిస్తూ తప్పు కోసింది, ఏదో మీట నొక్కింది, రొయ్య మళ్ళీ నిక్షేపంగా ప్రత్యక్షమైంది. ఎన్నిసార్లయినా కోసుకోవచ్చని నవ్వుతూ చెప్పింది. జీవహింస తప్పిందని నేనూ సంతోషించాలి, సంతోషించాను కూడా. కానీ ఆ పిల్లకి ఇంకొక్క రొయ్య ఇవ్వడానికి వాళ్ళకి చేతులు రాలేదే అని తలుచుకుంటే, ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండిపోతుంది.