నాకు చూపించని వీపు

సత్తుపల్లిలో బొగ్గు గని కొత్తగా మొదలైన రోజులవి. మావారు ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మందులు వాడుతున్నారు. ఆదివారం స్నానానికి ఆయన వీపు రుద్దేది నేనే. ఉన్నట్టుండి వద్దనడం మొదలుపెట్టారు.

ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి పక్కింటి నర్సు ముందు చొక్కా విప్పి కూర్చున్నారు. ఆమె చేయి ఆయన వీపు మీద! నాకు ఒళ్లు మండిపోయింది.

“నేను ముట్టుకుంటే వద్దంటివి, ఆమె ముట్టుకుంటే సమ్మగున్నదా?” అని వీధంతా వినపడేలా అరిచాను.

ఆయన మెల్లగా వీపు నావైపు తిప్పారు. నిండా ఎర్రటి గడ్డలు.

“గిది చూస్తే నువ్వు బువ్వ తింటవా?” అన్నారు.

క్యాన్సర్ చర్మానికి పాకిందని ఖమ్మంలో డాక్టరు చెప్పారు. ఆయన పోయేదాకా ఆ వీపుకు మందు నేనే రాశాను, నర్సును ముట్టనివ్వలేదు. అయినా, ఆయన తన భయం మొదట చెప్పుకున్నది ఆమెకే. ఆ కుళ్లు నాకింకా పోలేదు.