ఉప్పలయ్య పడుకుని చూసిన ఊళ్లు

ఉప్పలయ్య మామ ఏ ఊరికి పోయినా ముందు మంచం అడుగుతాడు. ఒక ఊరు మనిషికి సరిపడుతుందో లేదో వీపుకు తెలిసినట్టు కంటికి తెలియదని ఆయన నమ్మకం. సిద్దిపేట తాలూకాలో ఆ వీపు ఎరగని ఊరు లేదు.

ముప్పై ఏళ్లు తహశీలు కచేరీలో జమేదారుగా చేసి దసరాకు నౌకరీ వదిలి వజీఫా, అంటే పింఛను, పుచ్చుకున్నాడు. అదే కచేరీలో నేను గుమస్తాను. మా ఇల్లు ఆయన పక్కిల్లే. వాళ్లుండేది సాయవ్వ ఇంట్లో, కిరాయికి. కచేరీకి దగ్గరని ఆ ఇల్లు ఎప్పుడూ జమేదార్లకే ఇస్తుంది సాయవ్వ. "ఉగాదికి కొత్త జమేదారు దిగుతడట. గంతల మీరొక జాగ చూసుకోండ్రి" అని చెప్పేసింది. పిల్లలు లేని ఇద్దరికీ ఏ ఊరైనా ఒకటే. అందుకే ఏ ఊరూ తేలలేదు.

ఆయన భార్య బాలలక్ష్మత్త మాత్రం దసరా మర్నాడే గిన్నెలన్నీ గోనెసంచిలో కట్టేసింది, రేపో మాపో బండి కడతారని. అయిదు నెలలైనా బండి కట్టలేదు. ఒకే కుండలో అన్నం, అది దించి అందులోనే పప్పు. కలపడానికి మా ఇంటి గరిటె.

మామ ఒక్కచోట నిలిస్తేగా! తెల్లవారితే నోట్లో వేపపుల్ల, చంకలో నులక చుట్ట. కుక్కిమంచం మీద నిద్ర పట్టకపోతే ఆ తప్పు ఊరిదో మంచానిదో తేలదట. అందుకని ఎవరింటికి పోతే వాళ్ల మంచం విప్పి, కొత్త నులకతో అల్లి, అప్పుడు పడుకుంటాడు. అల్లడానికి ఒక పూట. పడుకోవడం తమలపాకు నమిలినంత సేపు. లేచి తీర్పు చెబుతాడు.

"కొమురవెల్లి ఎట్లున్నది మామా?"

"ఒకటే డోలు చప్పుడు. మల్లన్నకు నిద్ర పడ్తదేమో, నాకు పట్టలే."

"దౌల్తాబాద్?"

"గాడ నీడ నిలవది అల్లుడా. గిట్ల కన్ను మూస్తె గట్ల జరిగిపోతది."

నీడ అన్ని ఊళ్లలోనూ జరుగుతుందని చెప్పాను. "గందుకే ఏ ఊరూ పడ్తలేదు" అన్నాడు.

ఉగాది పది రోజులుందనగా అత్త నన్ను పిలిచింది.

"నువ్వు గూడ మీ మామెంబడి పో బిడ్డా. ఇయ్యాల ఊరు తేలకుంటె ఇద్దరూ గాడనే ఉండుండ్రి. నేను గీ గోనెసంచికే తల ఆనిచ్చి పండుకుంట."

తన మంచం పట్టె మీద, ఒక అంచున కూర్చుని అన్నదీ మాట. అత్త ఎప్పుడూ అంచునే కూర్చుంటుంది. ఆ మంచం నడుమ బావిలా దిగిపోయి ఉంటుంది. ఒకసారి మా పిల్లి అందులో పడితే పైకి తీయడానికి ఇద్దరం కావలసివచ్చింది.

బండి తొగుట చేరిందో లేదో ఊళ్లో గడబిడ మొదలైంది. తలుపులు మూసుకున్నాయి. ఇద్దరు పెద్దమనుషులు ఎదురొచ్చి దండం పెట్టారు.

"జమేదారు సాబ్, మా ఊర్ల మంచాల్లేవు. అందరం నేల మీదనే పండుకుంటం."

వాళ్ల వెనక జొన్నచొప్ప పక్కగా ఒక మంచం నడిచిపోతోంది. దాని కింద రెండు మనిషి కాళ్లు.

మామ నేరుగా చివరి ఇంటికి పోయాడు. ముసలి ఐలవ్వ గడపలో కూర్చుని ఉంది.

"అవ్వా, నీ మంచమేది?"

"మళ్ల దొరొచ్చిండా?"

"దొర లేడు గీర లేడు. నేనే పండుకుంట. ఊరు చూసుకుంటున్న."

"నువ్వు పండుకుంటె మంచానికేం గాదు, బక్కపానం, నాలుగు బొక్కలు" అని నవ్వింది ఐలవ్వ. తర్వాత నాకేసి తిరిగింది. "పదకొండేండ్ల కింద గీయనే ఎత్కపోయిండు బిడ్డా. తాసీల్దారు దొర మూడొద్దులు పండుకున్నడు. పొయ్యేటప్పుడు డప్పు లెక్కున్న మంచం, వచ్చేటప్పటికి జోలె అయ్యింది!"

మామ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా పాత నులక విప్పేశాడు. పట్టెకు కాలు తన్నిపెట్టి లాగుతుంటే కొత్త నులక ఎండలో కిర్రుమంది. గళ్లు గళ్లుగా నీడ నేల మీద అల్లుకుంటూ పోయింది. పూర్తయ్యాక పడుకుని, కళ్లు మూసి, వెంటనే తెరిచాడు.

"గీ ఊరు మనకు పడది. పావురాలు గొణుగుతున్నయ్."

చుట్టుపక్కల ఎక్కడా పావురం లేదు.

తిరుగుదారిలో అడిగాను. "మామా, కొమురవెల్లిల, దౌల్తాబాద్ల గూడ... గవి దొరలు పండుకున్న మంచాలేనా?"

ఆయన ఎడ్ల కొమ్ముల మధ్య నుంచి దూరంగా చూశాడు.

"దొర ఊర్లు తిరుగుతందుకు దౌరాకొస్తె ముందుగాల్ల ఉరికి, ఊర్ల మంచి మంచమేదో చూసి ఎత్తించేటోణ్ణి. గట్టిగున్నది ముసలోళ్ల ఇండ్లల్లనే దొరుకుతది అల్లుడా. వాళ్లకు పండుకునుడే గద పని."

"మరి బాగుచేస్తనని చెప్పి చెయ్యరాదా?"

"నేను మంచం పట్టుకుంటె ఎవ్వలు నమ్ముతరు? చూసినవు గద, మంచాలే ఉరుకుతయ్! పండుకుంట అంటె నవ్వుకుంట ఇస్తరు."

"ఇంకెన్నున్నయ్?"

"ఒక్కటి."

"ఏ ఊర్ల?"

బండి చక్రాల కింద ఎండ పిండిలా నలుగుతోంది.

"మీ అత్తది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నేను నౌకరిల చేరిన కొత్తల దొర బంగ్లల మంచం తక్కువైతె, ముందుగాల్ల నా ఇంట్లదే ఎత్కపోయిన. ముప్పై ఏండ్లు, ఆమె ఒక్క మాటనలే."

మర్నాడు ఆ మంచం అల్లాడు. ఆ ఒక్కదానికి రెండు పూటలు పట్టింది. తర్వాత ఎప్పటిలాగే పడుకుని కళ్లు మూశాడు. తమలపాకు నమిలినంత సేపైంది, కట్ట మొత్తం నమిలినంత సేపైంది. మామ లేవలేదు. ఆ గురకకు మా పిల్లి ఇల్లు వదిలి పోయింది.

అప్పుడే సాయవ్వ వచ్చింది.

"ఊరు దొరికిందా బాలలక్ష్మీ? కొత్త జమేదారు సామాను పంపుతనంటుండు."

అత్త మంచం వైపు చూపించింది. సాయవ్వ వంగి, పట్టె దగ్గర వేలితో నులకను మీటింది. టంగుమంది. ఆమె ముఖం మారింది.

"నా మంచం గిట్ల అల్లుతడా?"

"నువ్వడుగుతె అల్లుతడు."

"అయితె మీరు పోవద్దే. గా కొత్తోడొస్తె నా మంచం దొర కోసమని ఎత్కపోతడు. గీయనుంటె అల్లిపెడ్తడు. నా మంచం అయ్యేదాక గీడనే ఉండుండ్రి. కొత్తోన్ని ఏడికన్న పొమ్మంట."

ఆ సాయంత్రం అత్త గోనెసంచి విప్పింది. నా గరిటె నాకు తిరిగొచ్చింది.

మామ సాయవ్వ మంచం విప్పి రెండేళ్లయింది. ఊరూరా పూటకొకటి అల్లిన మనిషి, దీన్ని మాత్రం రోజుకు ఒక వరస అల్లుతాడు. నచ్చలేదని మరునాడు విప్పేస్తాడు. సాయవ్వ చాప మీద పడుకుంటూ, "నిదానంగనే కానియ్యి ఉప్పలయ్యా, తొందరేమున్నది" అంటుంది.