బాపు కోసం దాచిన రొట్టెలు

మా నాన్న, మా బాపు, పోయి నెల తిరగకముందే ఎండలు ముదిరి, కోస్గి దగ్గర మా ఊరి కుంట ఎండిపోయింది. ఏటా ఆ రోజుల్లో గొర్లను ఆత్మకూరు వైపు, కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవాలి. అరవైల నాటి మాట ఇది, నాకు పందొమ్మిదేళ్లు. అమ్మ గడప దాటకూడని రోజులు. చిన్నాయన తన మందతో ముందే వెళ్లిపోయాడు. మా మందను నేను అక్కడిదాకా తోలి ఆయనకు అప్పగించి రావాలని పెద్దలు తేల్చారు. నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. తిరుగు బస్సు కోసం అమ్మ నా కొంగున రెండు రూపాయల నోటు ముడివేసింది.

దేవరకద్ర మీదుగా గొర్ల నడకకు నాలుగైదు రోజులు పడుతుంది. తెల్లవారకముందే కదలాలి, ఎండెక్కితే గొర్లు ఒకదాని కడుపు కింద ఒకటి తల దాచుకుని మొండికేస్తాయి, బతిమాలినా కదలవు. రాత్రికి తెలిసిన రైతు చేన్లో మంద నిలిపితే చేనుకు ఎరువు, మనకు జొన్నలు, ఆ పూట తిండి. దేవరకద్ర దాటాక బాపు ప్రతి ఏడూ లచ్చవ్వ చేన్లో ఆగేవాడు. పొద్దుగూకుతుండగా మందను చూసి ఆమె ఎదురొచ్చింది.

"మీ బాపు ఏడి బిడ్డా?"

చెప్పాలనే నోరు తెరిచాను. "ఎన్కొస్తుండు" అన్నాను.

లచ్చవ్వ నాకు పెట్టి, రెండు జొన్నరొట్టెలు, ఇంత పుంటికూర, అదే గోంగూర, గంప కింద దాచింది. "పుంటికూరంటే పానం గదా ఆయనకు" అంది. ఆ గంపను చూస్తూ తిన్నాను. బాపు నిజంగానే వస్తున్నాడేమోనని దారివైపు చూశాను కూడా. పిచ్చి అనుకోండి.

తెల్లారి ఆమె గంప ఎత్తింది. "రాకపాయె గదనే?"

"రాడు అవ్వా. పోయిన నెల సచ్చిపోయిండు."

ఇంట్లో అందరూ ఏడుస్తుంటే గొర్లకు నీళ్లు పెట్టినదాన్ని, ఆ చేన్లో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. లచ్చవ్వ నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఏడుపు ఆగాక ఆ రొట్టెలు గుడ్డలో మూటగట్టి చేతికిచ్చింది.

"మంద ఎన్క వచ్చేటోళ్లకని దాసిన. ఎన్క వచ్చేది ఇగ నువ్వే గదా. తిను."

దారిలో తిన్నాను. ఎండిపోయినా కమ్మగానే ఉన్నాయి.

కృష్ణ ఒడ్డున చిన్నాయన ఒక రైతుతో మాట్లాడుతున్నాడు. "ఎవరి మంద గిది?" అని అడిగాడు ఆ రైతు. చిన్నాయన ఏదో అనబోయేలోపే "నాది" అన్నాను.

"ఒక్కదానివి, నీతోని అయితదా బిడ్డా?" అన్నాడు చిన్నాయన.

"గీడిదాంక ఎవరు తోలుకొచ్చిండ్రు చిన్నాయనా?"

ఆయన రుమాలు కొసతో కళ్లు తుడుచుకున్నాడు. "గట్లయితే నా మంద పక్కకే నిలుపు" అన్నాడు.

తర్వాత ఎన్ని ఎండాకాలాలు ఆ దారిన నడిచానో! బాపు పోయిన సంగతి నోటితో చెప్పిన పొద్దునే నేనెవరో నాకు తెలిసింది. మీలో ఎవరైనా దుఃఖంతో ఆ వైపు వెళితే, అడిగిన వాళ్లకు ఉన్నమాట చెప్పండి, పెట్టింది తినండి. ఇక పనికొచ్చే మాట: ఆత్మకూరు నుంచి వెనక్కి బస్సు దొరుకుతుంది. అప్పట్లో కిరాయి ఎంతో మాత్రం నన్నడగకండి, నేను ఎక్కలేదు.